సాఫ్ట్‌వేర్ నిర్మాణమున పూర్వపద్ధతియు ఎజైల్ పద్ధతియు: మూలపత్రముల విమర్శ

విమర్శ యనునది కావ్యనాటకాదులకే చెల్లునని తలచుట పరిపాటి. కాని ఒక వృత్తిని నడపు పత్రములు కూడ విమర్శకు పాత్రములే. అవి వేలమంది దినచర్యను శాసించును. వాని అర్థము తప్పుగా గ్రహింపబడినచో ఆ తప్పు ఖర్చయిన ధనములోను, నిద్రలేని రాత్రులలోను తేలును. కర్ణాటక, తమిళనాడు, మహారాష్ట్ర రాష్ట్రములలో తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములలో నేటి తరమువారు పలువురు బెంగుళూరు, చెన్నై, పూణే నగరములందు సాఫ్ట్‌వేర్ వృత్తిలో నున్నారు. వారి యిండ్లలో వాటర్‌ఫాల్, ఎజైల్ అను రెండు మాటలు వంటింటి వరకును వచ్చినవి. మొదటిది పాతది గనుక చెడ్డదనియు, రెండవది క్రొత్తది గనుక మంచిదనియు ఒక తీర్పు వాడుకలో నున్నది. ఈ తీర్పు చెప్పువారిలో మూలపత్రములను చదివినవారు అరుదు. చదువుటకు అవి పెద్దవియు కావు: ఒకటి పదునొకండు పుటలు, రెండవది ఒక్క పుటకు మించదు.

వృత్తితో పరిచయము లేని పెద్దల కొరకు భేదమును స్థూలముగా చెప్పవలెను. ఒక కర్మాగారమున పదివేలమందికి జీతములు లెక్కకట్టు ప్రోగ్రామును వ్రాయవలసి యున్నదనుకొనుడు. పూర్వపద్ధతిలో ముందుగా కావలసిన వన్నియు కాగితముపై వ్రాసి, కొనువారి చేత సంతకము చేయింతురు. పిదప నిర్మాణక్రమమును గీయుదురు; పిదప కోడు వ్రాయుదురు; చిట్టచివర పరీక్షించి అప్పగింతురు. ఒక మెట్టు దిగిన తరువాత మరల పైకెక్కుట యుండదు; జలపాతమను పేరు అందువలననే వచ్చినది. ఎజైల్ పద్ధతిలో ఒక చిన్న భాగమును, మూలవేతనపు లెక్క మాత్రమే యనుకొనుడు, రెండు వారములకో నాలుగు వారములకో పనిచేయునట్లు చేసి చూపుదురు. చూచినవారు చెప్పిన మాటను బట్టి తరువాతి భాగ మేదియో నిర్ణయింతురు. ఇల్లు కట్టుటతో దీనిని పోల్చుట వాడుక. ఆ పోలిక కొంతవరకే పనికివచ్చును. గోడ వంకర గోడ లేచుచుండగనే కంటికి కనబడును. ప్రోగ్రాములోని వంకర దానిని నడపి చూచువరకు కనబడదు. వివాదమంతయు ఈ కనబడకపోవుట నుండి పుట్టినదే.

1968 అక్టోబరులో జర్మనీలోని గార్మిష్ పట్టణమున నాటో కూటమి పక్షమున జరిగిన సమావేశములో, పెద్ద ప్రోగ్రాములు గడువు దాటుట, వ్యయము మించుట, అప్పగించిన పిదప సరిగా నడవకపోవుట చర్చకు వచ్చినవి. రెండేండ్లకు, 1970 ఆగస్టులో, అమెరికాలోని వెస్కాన్ సభకు విన్‌స్టన్ రాయిస్ ఒక వ్యాసము సమర్పించెను. ఆయన అంతరిక్ష నౌకలకు సంబంధించిన ప్రోగ్రాములతో తొమ్మిదేండ్లు గడిపిన అనుభవము కలవాడు. ఆ వ్యాసములోని రెండవ చిత్రమున ఏడు మెట్లున్నవి: మొత్తము వ్యవస్థకు కావలసినవి, ప్రోగ్రామునకు కావలసినవి, విశ్లేషణము, నిర్మాణక్రమము, కోడు, పరీక్ష, వాడుక. పూర్వపద్ధతికి పుట్టుక ఈ చిత్రమని లోకము చెప్పును. వాటర్‌ఫాల్ అను మాట మాత్రము ఆ వ్యాసమున ఎచ్చటను లేదు. 1976లో బెల్, థేయర్ అను ఇరువురు వ్రాసిన వ్యాసమున ఆ పేరు కనబడినది.

చిత్రమున కంటె దాని వెంట నున్న వాక్యములు ముఖ్యమైనవి. ఈ భావన తనకు సమ్మతమే కాని, దీనిని చిత్రించిన రీతిగనే ఆచరించుట ప్రమాదకరమనియు, అపజయమును కోరి తెచ్చుకొనుట యనియు రాయిస్ అచ్చటనే హెచ్చరించెను. ఆయన చూపిన కారణము సూటియైనది. కాలము, జ్ఞాపకస్థలము, రాకపోకల వేగము మొదలగునవి అంతవరకు కాగితముపై ఊహింపబడినవి మాత్రమే. పరీక్ష యను ఆఱవ మెట్టుననే అవి మొదటిసారి అనుభవమునకు వచ్చును. అచ్చట తేడా వచ్చినచో నిర్మాణక్రమమునే మార్చవలసి వచ్చును. గడువుగాని వ్యయముగాని నూటికి నూఱు పెరుగవచ్చునని ఆయన లెక్క. దానికి విరుగుడుగా ఐదు ఉపాయములు చెప్పెను. వానిలో మూడవది ఆ పనిని రెండుసార్లు చేయుమనుట. ముప్పది నెలల పని యైనచో మొదట పది నెలలలో ఒక చిన్న నమూనాను పూర్తిగా కట్టి, దానినుండి నేర్చుకొని, అసలు పనికి పూనుకొనవలెనని తాత్పర్యము. ఐదవది కొనువారిని పని నడుమ పలుమారులు పిలిచి వారిచేత ఒప్పించుకొనుట.

దీనిని చూచి రాయిస్‌ను ఎజైల్ పద్ధతికి మూలపురుషునిగా నిలబెట్టువారును నేడు కలరు. అదియు అతిశయోక్తియే. ఆయన రెండవ ఉపాయము పత్రరచన. 50 లక్షల డాలర్ల యంత్రమును కొనుటకు 30 పుటల వివరణ చాలుననియు, అంతే విలువగల ప్రోగ్రామునకు 1500 పుటలు తగుననియు ఆయన అంచనా. కాగితము లేనిచో నిర్మాణమే లేదన్నంత పట్టుదల ఆయనది. కావున రాయిస్ నేటి రెండు పక్షములలో దేనికిని పూర్తిగా చెందడు. ఆయన అడిగిన ప్రశ్న యొక్కటే: తెలియనిది ఎప్పుడు బయటపడును? ఆలస్యముగా బయటపడిన కొలది నష్టము పెరుగునని ఆయన వాదము.

మరి హెచ్చరిక మరుగుపడి చిత్రము మాత్రమే ఎట్లు నిలిచినది? చదువరుల సోమరితనము కొంత కారణము కావచ్చును. అసలు కారణము వేరు. మెట్లుమెట్లుగా నున్న బొమ్మ ఒప్పందము వ్రాయువానికి మిక్కిలి అనుకూలము. ప్రతి మెట్టునకు ఒక పత్రము, ప్రతి పత్రమునకు ఒక సంతకము, ప్రతి సంతకమునకు ఇంత సొమ్ము అని విభజింపవచ్చును. పని నడచుచున్నదో లేదో తెలియని అధికారికి కూడ పత్రము అందినదో లేదో తెలియును. అమెరికా రక్షణశాఖ 1985లో విధించిన 2167 సంఖ్యగల ప్రమాణము ఈ వరుస మెట్లకు రాజముద్ర వేసినది. 1994లో మరియొక ప్రమాణము దాని స్థానమున వచ్చునాటికి ఒక తరము ఇంజనీర్లు ఆ మెట్లనే శాస్త్రముగా నేర్చిరి.

ఆచరణలో మాత్రము మంచి పనివారు మొదటినుండియు కొద్దికొద్దిగా కట్టి చూచుచునే యున్నారు. అమెరికా అంతరిక్ష విమానమైన షటిల్ యొక్క ప్రధాన ప్రోగ్రామును 1977 నుండి 1980 వరకు 31 నెలలలో, 17 విడతలుగా కట్టిరి. విమానము రూపుదిద్దుకొనుచుండగా కావలసినవి మారుచుండుటయే దానికి హేతువు. ఇది ఎజైల్ పత్రమునకు ఇరువది యేండ్లకు పూర్వపు మాట. 1975లో ప్రసిద్ధ గ్రంథము వ్రాసిన ఫ్రెడరిక్ బ్రూక్స్, మొదట కట్టినదానిని పారవేయుటకు సిద్ధముగా నుండవలెనని అందులో ఉపదేశించెను. ఇరువది యేండ్ల పిదప, 1995 కూర్పులో, ఆ ఉపదేశము కూడ మెట్ల పద్ధతినే లోలోపల నమ్ముకొన్నదని చెప్పి తానే దానిని సవరించెను. ఇట్టి సవరణ పండితులలో అరుదు. కావున పూర్వపద్ధతి యని నేడు నిందింపబడునది పూర్వులందరి పద్ధతి కాదు, ఒప్పందముల పద్ధతి.

ఇక రెండవ పత్రము. 2001 ఫిబ్రవరి 11 నుండి 13 వరకు అమెరికాలోని యూటా రాష్ట్రమున, స్నోబర్డ్ అను మంచుకొండ విడిదిలో 17 మంది కూడిరి. కెంట్ బెక్, కెన్ ష్వేబర్, జెఫ్ సదర్లాండ్, మార్టిన్ ఫౌలర్, వార్డ్ కనింగ్‌హామ్, అలిస్టర్ కాక్‌బర్న్ మొదలగువారు వారిలోనివారు. వారిలో పలువురు అప్పటికే తమతమ పద్ధతులు గలవారు. ష్వేబర్, సదర్లాండ్‌లు 1995లో స్క్రమ్ పద్ధతిని ఒక సభలో వివరించిరి. స్క్రమ్ అను పేరు, రగ్బీ ఆటనుండి గ్రహించి, 1986లో టకెయుచి, నొనాక అను జపాను పండితులు వ్రాసిన వ్యాసము ద్వారా వచ్చినది. బెక్ పద్ధతికి ప్రయోగశాల క్రైస్లర్ కార్ల సంస్థవారి జీతముల ప్రోగ్రాము. అది 1997లో సుమారు పదివేలమందికి జీతము లెక్కకట్టినది. తక్కిన ఉద్యోగులకు విస్తరింపకమునుపే 2000లో ఆ ప్రాజెక్టు నిలిపివేయబడినది. ఎజైల్ ప్రచారకులు ఈ కథ మొదటి సగమును చెప్పి ఊరకుందురు. ప్రతిపక్షులు రెండవ సగమును మాత్రమే చెప్పుదురు.

స్నోబర్డ్ పత్రమున నాలుగు జంటలు కలవు. ఒకటి మనుష్యులకును విధివిధానములకును నడుమ, రెండవది నడచు ప్రోగ్రామునకును కాగితపు కట్టలకును నడుమ, మూడవది కొనువారితో కలసి పనిచేయుటకును ఒప్పందపు బేరమునకును నడుమ, నాలుగవది మార్పును స్వీకరించుటకును ప్రణాళికను పట్టుకొని యుండుటకును నడుమ. ప్రతి జంటలోను మొదటిదానికి పెద్దపీట వేసిరి. రెండవదానికి కూడ విలువ కలదని చివర స్పష్టముగా చెప్పిరి. రాయిస్ హెచ్చరికకు పట్టిన గతియే ఈ చివరి మాటకును పట్టినది. పత్రములు వ్రాయనక్కరలేదని, ప్రణాళిక యే వలదని ఎజైల్ పేర చెప్పువారు ఆ వాక్యమును విడిచి చదివినవారే.

ఈ పత్రమున లోపములు లేకపోలేదు. నాలుగు జంటలకు తోడుగా పండ్రెండు సూత్రములున్నను, వెల యెవరు నిర్ణయింతురను మాట వానిలో లేదు. ముఖాముఖి సంభాషణయే సమాచారమునకు ఉత్తమ సాధనమని ఒక సూత్రము. దూరదేశములలో నుండి పనిచేయువారి గతి యేమి యను ప్రశ్న వారికి తట్టినట్లు లేదు. మరియొక సూత్రము ప్రకారము పనివేగము ఎంతకాలమైనను అలసట లేక సాగించగల వేగమై యుండవలెను. స్క్రమ్ పద్ధతిలో ప్రతి విడతకు పెట్టిన పేరు స్ప్రింట్, అనగా ఊపిరి బిగబట్టి పరుగెత్తు పందెము. ఒక పందెము ముగిసిన మరునాడే మరియొక పందెము. పేరునకును సూత్రమునకును గల ఈ వైరుధ్యమును గూర్చి ఆ బల్లల యొద్ద కూర్చున్నవారిని అడిగినచో వివరముగా చెప్పగలరు.

రెండు పద్ధతుల బలాబలములకు సాక్ష్యముగా తరచు చెప్పబడునది అమెరికా కేంద్ర నేరపరిశోధన సంస్థయైన ఎఫ్.బి.ఐ. కథ. కాగితపు దస్త్రములను తొలగించి, నేరవిచారణ వివరములన్నియు కంప్యూటరులో నుంచుటకు 2001లో ఒక ప్రోగ్రామునకు పూనుకొనిరి. కావలసినవానిని వివరించిన పత్రము 800 పుటలను మించినది. అయినను కావలసినవి మారుచునే యుండెను. 2005లో, సుమారు 17 కోట్ల డాలర్లు ఖర్చయిన పిదప, దానిని విడిచిపెట్టిరి. 2006లో సెంటినెల్ అను పేర మరల ప్రారంభించిరి. ఈసారి నాలుగు దశలు, 45 కోట్ల 10 లక్షల డాలర్ల కేటాయింపు. 2010 వేసవి నాటికి 40 కోట్ల 50 లక్షలు వ్యయమైనను పనిలో సగము మాత్రమే అందినది. అప్పుడు ఎఫ్.బి.ఐ. వారు పనిని తమ చేతిలోనికి తీసికొని, మనుష్యులను తగ్గించి, రెండు వారముల విడతలతో ఎజైల్ పద్ధతిని అవలంబించిరి. 2012 జూలైలో సెంటినెల్ వాడుకలోనికి వచ్చినది.

ఎజైల్ పక్షమువారికి ఇది విజయగాథ. కొంతవరకు న్యాయమే. కాని అప్పటికి రెండు దశలు వాడుకలో నున్నవి. కావలసిన వేవియో వ్రాసిన పట్టికయు సిద్ధముగా నున్నది. పూర్వపు వైఫల్యములు నేర్పిన పాఠములు ఉచితముగా దొరకినవి. అంతకంటె ముఖ్యమైనది, నిర్ణయము చేయు అధికారము కోడు వ్రాయువారి గదిలోనికి వచ్చుట. లోగడ ఒక తప్పు బయటపడినచో అది ఒప్పందమును సవరించు వ్యవహారము. ఇప్పుడు అది రెండు వారములలో దిద్దుకొను పని.

దీనికి ఎదురు సాక్ష్యము ఇంగ్లండులో నున్నది. పలువిధములైన ప్రభుత్వ సహాయములను ఒక్కటిగా చేయు యూనివర్సల్ క్రెడిట్ పథకమునకు కావలసిన ప్రోగ్రామును 2011లో ఎజైల్ పద్ధతిని మొదలుపెట్టిరి. ప్రారంభపు తేదీ మాత్రము 2013 అక్టోబరు అని రాజకీయముగా ముందే ప్రకటింపబడినది. పెద్ద సంస్థలతో నున్న ఒప్పందములు, పర్యవేక్షణ విధానములు పాతవే. 2013 సెప్టెంబరులో అచ్చటి జాతీయ ఆడిట్ కార్యాలయము వెలువరించిన నివేదిక ప్రకారము, అప్పటికే 3 కోట్ల 40 లక్షల పౌండ్ల విలువగల నిర్మాణమును పనికిరానిదిగా కొట్టివేయవలసి వచ్చినది. తేదీ కదలదు, ఒప్పందము కదలదు, తెలియనిది చెప్పుకొనుటకు చోటు లేదు. అట్టి స్థితిలో ఎజైల్ అను పేరు కొనగాని పోగొట్టగాని సమర్థము కాదు. అచ్చట ఓడినది పద్ధతి యనుటకంటె, ఆచరింపబడనిదే ఆ పద్ధతి యనుట సత్యమునకు దగ్గర. అయితే ఈ వాదము అతిగా వాడదగినది కాదు. ప్రతి ఓటమికిని సరిగా ఆచరింపలేదనుటయే సమాధానమైనచో ఆ పద్ధతిని పరీక్షించు మార్గమే యుండదు.

పత్రములు లేనిచో సాగని పనులును కలవు. విమానములను నడపు ప్రోగ్రాములకు డి.ఓ. 178 అను ప్రమాణము వర్తించును. దాని నేటి రూపము 2011 నాటిది. కావలసిన ప్రతి అంశమును కోడులో ఏ పంక్తి తీర్చుచున్నదో, ఏ పరీక్ష నిరూపించుచున్నదో చూపవలెనని దాని నియమము. మెట్ల వరుసనే పాటింపవలెనని అది విధింపకపోవుట విశేషము. ఋజువు కావలెను, ఏ క్రమమున కట్టిరన్నది దానికి పట్టదు.

భారతదేశమున ఈ వివాదమునకు మరియొక ముఖము కలదు. 1990 తరువాత విదేశములనుండి ప్రోగ్రాముల పని బెంగుళూరు, చెన్నై, హైదరాబాదులకు వచ్చినప్పుడు దానిని మోసికొని వచ్చినది వ్రాతయే. చూడని కొనువారికి, చూడని పనివారికి నడుమ ఆ పత్రమే సాక్షి. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయపు సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగు సంస్థ 1991లో ప్రకటించిన ఐదు మెట్ల కొలమానములో పై మెట్టును అందుకొన్న భారతీయ సంస్థలు పలు గలవు. వ్రాసినది చేయుట, చేసినది వ్రాయుట అను శిక్షణమే వారికి పేరు తెచ్చినది. దానిని కాగితపు పిచ్చి యని తేలికగా కొట్టివేయుట కృతఘ్నత.

పిమ్మట ఎజైల్ పద్ధతియు ఒప్పందములలోనికి వచ్చినది. ప్రతిదినము పదునైదు నిముషములు నిలుచుండి మాటలాడుకొను సమావేశము అందొక ఆచారము. ఒకే గదిలోనివారికి అది తేలిక. కాలిఫోర్నియాలో ఉదయము 9 గంటల సమావేశమనగా బెంగుళూరులో రాత్రి 9:30, చలికాలమున 10:30. ఏది ముందు, ఏది వెనుక అని చెప్పవలసిన కొనువారి ప్రతినిధి ఆవలి తీరముననే యుండును. కోలారునుండియో హోసూరునుండియో వచ్చి బెంగుళూరులో అద్దెగదిలో నున్న యువతి పగలంతయు సందేహముతో కూర్చుండి రాత్రి సమాధానమును పొందును. వెల, తేదీ, చేయవలసినవాని పట్టిక మూడును ముందే బిగించి, పైన స్ప్రింటుల పేరు మాత్రము అంటించిన ఒప్పందములు లేకపోలేదు. అట్టిచోట తెలియనితనపు భారమును కొనువారును మోయరు, అమ్మువారును మోయరు. కోడు వ్రాయువారి రాత్రులు మోయును. పనిపరిమాణమును జట్టు తనకుతాను అంచనా వేసికొనుటకై పుట్టిన పాయింట్ల లెక్క, జట్టునకును జట్టునకును పోటీ పెట్టు తూకపురాయిగా మారుట ఈ వికారములలో నొకటి. స్నోబర్డ్ పత్రముపై సంతకము చేసినవారిలో ఒకడైన డేవ్ థామస్, ఆ మాట అంగడి సరుకైనదని 2014లో వ్రాసి దానిని విడిచిపెట్టుడని కోరెను. 2018లో ఫౌలర్ కూడ, పనిచేయువారిపై పద్ధతులను పైనుండి రుద్దు వ్యాపారమును తప్పుపట్టెను.

వ్రాత తగ్గినందువలని నష్టము వెంటనే తెలియదు. కోడు ఏమి చేయుచున్నదో కోడే చెప్పును. అట్లెందుకు చేయవలసి వచ్చెనో అది చెప్పదు. ఆ సంగతి నోటిమాటగా ఒకరిద్దరి యొద్ద నుండును. వారు మరియొక కొలువునకు పోయిన దినమున అదియు పోవును. వలసవచ్చి స్థిరపడిన కుటుంబములకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. పెద్దలెవరో వంశావళి వ్రాసిపెట్టిన ఇంటివారికి పూర్వపు ఊరి పేరు తెలియును. నోటిమాటను నమ్ముకొన్న ఇండ్లలో అది మూడవ తరమునకే మాసిపోవచ్చును.

1500 పుటలకును శూన్యమునకును నడుమ ఒక దారిని 2011లో మైకేల్ నైగార్డ్ సూచించెను. ముఖ్యమైన నిర్ణయము చేసినప్పుడెల్ల ఒకటి రెండు పుటలు మాత్రము వ్రాయవలెను: అప్పటి పరిస్థితి యేమి, నిర్ణయ మేమి, దానివలన కలుగు మంచిచెడ్డ లేవి. ఆ పుటలకు వరుస సంఖ్య వేసి, కోడుతో కూడ ఒకేచోట నుంచవలెను. ఎజైల్ జట్లలోనే ఈ ఆచారము పలుచోట్ల నిలద్రొక్కుకొన్నది. రాత్రి సమావేశమునకు రాలేనివారు ఉదయమున దానిని చదువుకొందురు. తరువాత నిర్ణయము మారినచో పాత పుటను చింపివేయరు. ఇది రద్దైనది, దీని స్థానమున ఫలానా సంఖ్యగల పుట వచ్చినది అని దానిమీదనే వ్రాసి యుంతురు.